నాకు అక్కర్లేని రైఫిల్

జూన్ 7, శనివారం

ఈ సాయంత్రం ఆరూ నలభైకి ఫైర్ స్టేషన్ లాటరీలో రైఫిల్ నాకు వచ్చింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఫైర్ స్టేషన్ కమిటీ తరఫున రాయిస్ హటో డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీశాడు. చదివాడు. నవ్వాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టి పక్కనున్న పెగ్గీ క్రమ్లీని ఏదో అడిగాడు. ఆవిడ చీటీ అందుకుని వెనక్కి తిప్పి చూసింది, అటువైపు ఇంకో పేరేమైనా ఉందేమోనని. లేదు.

"థర్మన్ గెయిన్స్," అన్నాడు రాయిస్.

నేను మొదటి వరసలోనే, చేతిలో నోట్‌బుక్కుతో, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉన్నాను. అయినా జనమంతా థర్మన్ గెయిన్స్ ఎక్కడున్నాడా అని చుట్టూ చూశారు. మొదటి చప్పట్లు పందిమాంసం కాలుస్తున్న గొయ్యి దగ్గర నుంచి వచ్చాయి. అక్కడున్నది మావాళ్ళే. తర్వాత ఎవరో "మన పేపరాయనకే!" అన్నారు. అప్పుడు అందరికీ ఊపిరాడింది.

ఈ లాటరీలో రైఫిల్ గెలిచిన మొదటి నల్లవాణ్ణి నేనే అనుకుంటున్నాను. సోమవారం ఆఫీసులో పాత పేపర్లు చూసి ఖాయం చేసుకోవాలి. అంతవరకూ అనుకోవడమే.

నాకు రైఫిల్ అక్కర్లేదు. ఫైర్ స్టేషన్‌కి కొత్త గొట్టాలు కావాలని ఏటా ఒక టికెట్టు కొంటాను. వార్త రాసేవాడు ఉత్త చేతులతో వెళ్ళకూడదని. అంతే.

నా భార్య వెర్లీన్ ఇంటికొచ్చే దారిలో ఒకే మాట మాట్లాడింది. "తిరిగిచ్చెయ్."

"ఇచ్చేస్తాలే," అన్నాను.

జూన్ 8, ఆదివారం

చర్చిలో అందరికీ తెలిసిపోయింది. ప్రార్థన ముగిశాక ఒక్కొక్కరే దగ్గరికొచ్చి చెవిలో సలహా చెప్పారు. సలహా చెప్పిన ప్రతివాడి ఇంట్లోనూ తుపాకీ ఉందని నాకు ఇవాళే తెలిసింది. కానుకల పళ్ళెం తిప్పే పెద్దాయన ఒంటి మీదే ఉందట.

"మన ఇళ్ళలో తుపాకీ ఉంటుందబ్బాయ్, దాని ఊసే ఉండదు," అన్నాడాయన. "నువ్వేమో మైకులో గెలిచావు."

జూన్ 9, సోమవారం

పాత పేపర్లు చూశాను. ఖాయమే. మొదటివాణ్ణి.

ఆ పేపర్లలో సగం వార్తలు నేను రాసినవే. ఏటా అదే వార్త, పేరొక్కటే మారుతుంది. "అదృష్టవంతుడి చేతికి రైఫిల్." విజేత రైఫిల్‌ని గుండెకు అడ్డంగా పట్టుకుని ఫైర్ స్టేషన్ ఎర్ర ట్రక్కు ముందు నవ్వుతుంటాడు. జూలై నాలుగున అదే ట్రక్కెక్కి, రైఫిల్ భుజాన ఆనించి, రెండో చేత్తో పిల్లలకు మిఠాయిలు విసురుతూ ఊరేగింపుకు ముందు సాగుతాడు. మా కార్బెట్ ఊళ్ళో నేను పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారమిది.

ఒకసారి లామార్ టిప్టన్ గెలిచాడు. గెలిచిన వారంలోనే తాగి తన ఇంటి ముందున్న సొంత ఉత్తరాల పెట్టెను కాల్చాడు. మరుసటి ఏడాది ఆయన్ను కమిటీలో వేసుకున్నారు. ఇంకోసారి లాటరీ నాలుగు నెలల పసిపాపకు తగిలింది. వాళ్ళ నాన్న ఆ బిడ్డ పేరున టికెట్టు కొన్నాడు. ఫొటో నేనే తీశాను. ఉయ్యాల బండిలో ఒకపక్క పాప, ఒకపక్క రైఫిల్. "బుజ్జి వేటగత్తె" అని శీర్షిక. పాపకన్నా రైఫిలే పొడవు.

మా ఎడిటర్ డెల్ మెకేబ్ ఈసారి ఫొటో తానే తీస్తానన్నాడు. ఆఫీసు గోడ దగ్గర నిలబెట్టి, భుజాల వరకూ.

"రైఫిలేదీ?" అన్నాను.

"ముఖం ముఖ్యం కదా థర్మన్. నీ ముఖంలో అనుభవం ఉంది."

"పాప ముఖంలో ఏముంది?"

డెల్ నా నెక్‌టై సర్ది వెళ్ళిపోయాడు. శీర్షిక కూడా ఆయనే పెట్టాడు: "స్థానిక విలేకరికి బహుమతి". ఏం బహుమతో వార్త నాలుగో పేరాలో ఉంది. పాఠకులకు తెలుసు కదా, అన్నాడు.

జూన్ 10, మంగళవారం

నాకు రైఫిల్ అక్కర్లేదు.

జూన్ 11, బుధవారం

కాయ్ స్టాన్సిల్ తుపాకుల కొట్టుకు వెళ్ళాను. లాటరీ రైఫిల్ ఏటా ఆయన కొట్లోనే అప్పగిస్తారు. ఒకసారి చూసి వద్దామని వెళ్ళాను. చూడందే వార్త రాయలేం కదా. వార్త సోమవారమే అచ్చుకు వెళ్ళిపోయిందని దారిలో గుర్తొచ్చింది.

కాయ్ మా ఊరి తుపాకుల క్లబ్బుకు అధ్యక్షుడు. కొట్లో గల్లాపెట్టె పైన పెద్ద అక్షరాలతో బోర్డు: "ఎందుకని మేమడగం." ఆ బోర్డు కింద కూర్చునే కాయ్ నన్నడిగాడు.

"ఇంతకీ నీకెందుకు థర్మన్, రైఫిల్?"

"గెలిచాను."

"గెలిచావు సరే. ఎందుకని?"

నేను బోర్డు వైపు చూశాను. ఆయనా తల తిప్పి చూశాడు. "అది సాధారణంగా," అన్నాడు.

తుపాకీ తీసుకునేవాళ్ళ మీద కేసులున్నాయా లేవా అని ప్రభుత్వం వాళ్ళను ఫోన్లో అడగాలి. అడిగాడు. కాఫీ చల్లారకముందే సరేనన్నారు. కాయ్ ఫోను పెట్టి, కాసేపు దాన్నే చూసి, మళ్ళీ చేశాడు. మళ్ళీ సరేనన్నారు. "లైన్లు ఈమధ్య బాగుండటం లేదు," అన్నాడు.

రైఫిల్ బాగుంది. వాల్‌నట్ కర్ర పిడి. ఇది వాస్తవం మాత్రమే. కొట్లోనే ఉంచి వచ్చాను.

జూన్ 14, శనివారం

రాయిస్ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా కలిసి చేపలు పడుతున్నాం. రాయిస్ మంచివాడు. వస్తూ పట్టిన చేపలు తెచ్చాడు, శుభ్రం చేసి మరీ. చేపలు శుభ్రం చేసి తెచ్చాడంటే ఏదో అడగబోతున్నాడన్నమాట.

"థర్మన్, ఒకటి చెప్పనా? నీకు రైఫిల్ అక్కర్లేదని ఊరంతా అంటోంది."

"ఊరికెవరు చెప్పారు?"

"నువ్వే. అందరికీ. రోజూ."

నిజమే.

"అందుకని కమిటీ వాళ్ళం ఆలోచించాం. దాని బదులు మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యి ఇద్దామని. మామూలుది కాదు, చక్రాలున్నది. మూతుంది."

"నాకు పొయ్యి ఉంది."

"మూతుందా?"

"ఉంది."

రాయిస్ వరండా మెట్ల మీద కూర్చుని టోపీ తిప్పుకున్నాడు. "ఫ్రీజరు?"

"రాయిస్, ఇంతకుముందు గెలిచినవాళ్ళకి ఎవరికైనా ఫ్రీజరిచ్చారా?"

"వాళ్ళెవరూ అడగలేదు."

"నేనడిగానా?"

"అదే కదా, నువ్వు అడగవు. నీకు మొహమాటం," అన్నాడు. వెళ్ళేముందు నా భుజం గట్టిగా నొక్కాడు. రాయిస్ మంచివాడు.

జూన్ 15, ఆదివారం

భోజనాల దగ్గర.

వెర్లీన్: "పొయ్యి తీసుకో."

నేను: "మనకుంది."

"నీకు రైఫిల్ అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"మరి?"

చేప బాగా వేగిందన్నాను.

జూన్ 17, మంగళవారం

కమిటీ సమావేశం. విలేకరిగా వెళ్ళాను. కుర్చీ ఎప్పటిదే, గోడ పక్కన.

పెగ్గీ క్రమ్లీ లేచి, ఈ ఏడాది నుంచి భద్రత మీద దృష్టి పెట్టాలని తనకు అనిపించిందని చెప్పింది. ఇది ఎవరినీ ఉద్దేశించింది కాదు. గెలిచినవాళ్ళు ముందు తుపాకీ తరగతికి వెళ్ళి, పాసయ్యాకే రైఫిల్ తీసుకోవాలి. ఎవరినీ ఉద్దేశించింది కాదని మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పేసరికి గదిలో ఉన్నవాళ్ళంతా నావైపే చూస్తున్నారు.

"భద్రత ముఖ్యం," అన్నాడు లామార్ టిప్టన్. ఉత్తరాల పెట్టె ఆయన.

నేను చెయ్యెత్తాను. "పత్రిక తరఫున ప్రశ్న. ఇంతకుముందు విజేతలు ఎవరైనా ఈ తరగతికి వెళ్ళారా?"

"లేదు థర్మన్ గారూ, ఇది కొత్తగా వచ్చిన ఆలోచన."

"ఆ పాప?"

"ఆ పాప సంగతి వేరు."

"ఎలా వేరు?"

పెగ్గీ చాలా ఓపికగా చెప్పింది. "దానికప్పుడు నాలుగు నెలలండీ. అంత పసిది ఎవర్నేం చేస్తుంది?"

రాసుకున్నాను. ఉన్నదున్నట్టు.

తీర్మానం నెగ్గింది. రాయిస్ చెయ్యెత్తుతూ నావైపు చూడలేదు. అతనికి మెడ నొప్పి ఉంది. చాలాకాలంగా ఉంది.

జూన్ 21, శనివారం

తరగతి. చెప్పేది కాయ్. విద్యార్థిని నేనొక్కణ్ణే. ప్రతి వాక్యం చివర "అర్థమైందా థర్మన్?" అని అడిగాడు. తుపాకీ కొన ఏవైపు ఉంటుందో కూడా చూపించాడు. అర్థమైందన్నాను.

తర్వాత కాగితం మీద గురి. చిన్నప్పుడు మా తాతతో ఉడతల వేటకు వెళ్ళేవాణ్ణి. సైన్యంలో టైపిస్టునే అయినా, అక్కడ టైపిస్టులకూ కాల్చడం నేర్పుతారు. ఐదు తూటాలూ మధ్య వలయంలోనే పడ్డాయి. ఒక కాఫీ కప్పు పెడితే అన్ని రంధ్రాలూ కప్పుకుపోతాయి.

కాయ్ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"ఇక్కడే. ఇందాక నువ్వే చెప్పావుగా."

"ఊళ్ళో ఎవరికైనా తెలుసా, నువ్విలా కాలుస్తావని?"

పాసు చేశాడు. చెయ్యకపోతే నేర్పినవాడికే నామర్దా. కానీ మధ్యాహ్నానికే ఊళ్ళో కొత్త మాట పుట్టింది. నిన్నటిదాకా నాకు కాల్చడం రాదని భయపడ్డారు. ఇప్పుడు వచ్చని భయపడుతున్నారు.

వెర్లీన్‌కి కాగితం చూపించాను. మెచ్చుకుంటుందని కాదు. ఊరికే.

"కొంచెం అటూ ఇటూగా కాల్చలేకపోయావా?" అంది.

జూన్ 22, ఆదివారం

పొద్దున చర్చికి వెళ్తూ వెర్లీన్ తనంతట తానే చెప్పింది. కారు నేను నడుపుతున్నాను. ఆమె కిటికీలోంచి చూస్తోంది.

"మా నాన్న వేటకెళ్ళేటప్పుడు తుపాకీని గోనెసంచిలో చుట్టుకుని వెళ్ళేవాడు. రోడ్డు మీద నడిచినంతసేపూ గోనెలోనే. అడవిలోకి వెళ్ళాకే తీసేవాడు. కుందేళ్ళకు కనపడకూడదని అలా చేస్తున్నాడనుకునేదాన్ని."

చర్చి దగ్గర దిగేటప్పుడు అంది: "పొయ్యి తీసుకోకు."

జూన్ 24, మంగళవారం

మళ్ళీ కమిటీ. ఈసారి రాయిసే చదివాడు. కాగితం దగ్గరగా పెట్టుకుని, తలెత్తకుండా.

జూలై నాలుగు ఊరేగింపులో ఈ ఏడాది ఎవరూ తుపాకులు పట్టుకోరాదు. ఎవరూ అంటే ఎవరూ. విజేతకు రైఫిల్ ఇస్తారు కానీ ట్రక్కు మీద చేతిలో మిఠాయిల బుట్ట మాత్రమే ఉంటుంది. అందరికీ ఒకే న్యాయం.

"ఇది అందరికీ థర్మన్. నీ గురించి కాదు," అన్నాడు చదవడం అయ్యాక.

"నేనేం అనలేదు."

"అనలేదులే. ఊరికే చెప్తున్నా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. కానీ ఒక్క విషయం వాళ్ళకు తట్టలేదు. ఊరేగింపులో నా వెనకాల నడిచేది తుపాకుల క్లబ్బు. నలభై మంది. వాళ్ళకు చేతిలో తుపాకీ లేకపోతే ఆ నడకకు అర్థమే లేదు.

గుర్తుచేద్దామనుకున్నాను. విలేకరి పని గుర్తుచేయడం కాదు, రాయడం. ఇంటికొచ్చి రాశాను. ఒక్క విశేషణం కూడా వాడలేదు.

జూన్ 25, బుధవారం

వార్త వచ్చింది. "ఊరేగింపులో తుపాకులు నిషేధం: కమిటీ ఏకగ్రీవ తీర్మానం."

తొమ్మిదింటికల్లా కాయ్ మా ఆఫీసులో ఉన్నాడు. పేపర్ని చుట్టచుట్టి పట్టుకున్నాడు, ఈగల్ని కొట్టేవాడిలా.

"మా హక్కును ఎవడు లాక్కున్నాడు?"

"కమిటీ. మూడో పేరాలో ఉంది."

"మా తాత నడిచాడు ఆ ఊరేగింపులో, తుపాకీతో! మా నాన్న నడిచాడు! తుపాకీ ఈ దేశంలో పుట్టిన ప్రతివాడి హక్కు. ప్రతివాడిదీ! అవునా కాదా?"

"నన్నడుగుతున్నావా?"

"నిన్నే!"

"అది రాసుకోనా?"

"రాసుకో! పెద్ద అక్షరాలతో రాయి!"

రాసుకున్నాను. "ప్రతివాడిదీ" కింద గీత గీశాను.

డెల్ తన గదిలోంచి బయటికి రాలేదు. ఫోను అస్తమానం మోగుతోంది. పేపరు కాపీలు మధ్యాహ్నానికి అయిపోయాయి.

జూన్ 27, శుక్రవారం

అత్యవసర సమావేశం. ఫైర్ స్టేషన్ చాలలేదు. ట్రక్కును బయటికి తీసి దాని చోట కుర్చీలు వేశారు. క్లబ్బువాళ్ళు నలభై మందీ వచ్చారు. వెర్లీన్ కూడా వచ్చి వెనక నిలబడింది. ఆమె ఇలాంటివాటికి ఎప్పుడూ రాదు.

కాయ్ లేచాడు. "ఒక్కటే ప్రశ్న రాయిస్. ఎందుకు?"

రాయిస్ నీళ్ళు తాగాడు. "భద్రత."

"ఇన్నేళ్ళుగా లేని ప్రమాదం ఇప్పుడేమొచ్చింది?"

"అంటే... పరిస్థితులు..."

"ఏ పరిస్థితులు? నిరుడు ఏ పరిస్థితుల్లో నడిచాం? ఈ ఏడాది ఏం మారింది? చెప్పు!"

రాయిస్ అనుకోకుండా నావైపు చూశాడు. ఆ చూపు పట్టుకుని కాయ్ కూడా తిరిగాడు. ఆ వెనక క్లబ్బంతా. నేను రాసుకుంటున్నాను.

పెగ్గీ క్రమ్లీ ఆదుకోవాలని లేచింది. "ఎండలండీ," అంది.

"ఏమిటీ?"

"ఈసారి ఎండలెక్కువ. తూటాలు వేడెక్కుతాయి."

ఎవరో ఫక్కున నవ్వారు. గొంతు గుర్తుపట్టాను. వెర్లీన్.

పాపం, కాయ్ పరిస్థితి చూడాల్సింది. అసలు కారణం అతనికి అప్పుడే తెలిసింది. ఒప్పుకుంటే వాళ్ళ ఊరేగింపు పోతుంది. కాదంటే నేను రైఫిల్‌తో ట్రక్కెక్కుతాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పైగా తానన్న మాట నిన్నటి పేపర్లో పెద్ద అక్షరాలతో ఉంది. అతని చేతిలో ఉన్నదీ అదే పేపరు.

"అందరూ అంటే అందరూ," అన్నాడు చివరికి, మెల్లగా. ప్రతి మాటనూ, వేసుకునే ముందు చొక్కా కొలత చూసుకున్నట్టు చూసుకుంటూ. "రైఫిల్ థర్మన్‌ది. గెలిచాడు. పాసయ్యాడు. థర్మన్ పట్టుకుంటాడు. మేమూ పట్టుకుంటాం."

అని చుట్టూ చూశాడు, ఈ మాట ఎవరన్నారా అన్నట్టు.

నిషేధం ఎత్తేశారు. లామార్ టిప్టన్ తప్ప అందరూ చేతులెత్తారు. ఆయన భద్రత గురించి ఇంకా ఆలోచిస్తున్నాడు.

జూన్ 28, శనివారం

రైఫిల్ ఇంటికి తెచ్చాను. పడగ్గదిలో బీరువా వెనక పెట్టాను. నాకు అక్కర్లేదు. రెండుసార్లు వెళ్ళి చూశాను, సరిగ్గా ఉందో లేదోనని.

జూన్ 29, ఆదివారం

క్లబ్బు తరఫున కాయ్, ఆయనతో మరో ఇద్దరు ఇంటికొచ్చారు. టోపీలు చేతిలో పట్టుకున్నారు. వెర్లీన్ చల్లటి తీపి టీ ఇచ్చింది. కూర్చున్నారు.

కాయ్ గొంతు సవరించుకున్నాడు. "చూడు థర్మన్. నువ్వు ఒంటరివి కాదని చూపించాలని మా క్లబ్బు తీర్మానించింది. ట్రక్కొద్దు. నువ్వు ముందు నడు. నీ వెనక మేం నలభై మందిమి, తుపాకులతో."

నాకు బాగానే అనిపించింది. వెర్లీన్ టీ జగ్గు కింద పెట్టింది.

"మళ్ళీ చెప్పండి. ఈయన ముందు."

"అవునమ్మా."

"వెనక మీరు నలభై మంది. తుపాకులతో. మెయిన్ వీధిలో."

"అవును."

"దూరం నుంచి చూసేవాళ్ళకు మీరు ఈయన్ని తరుముతున్నట్టుంటుంది."

కాయ్ టీ గుటక మధ్యలో ఆగిపోయింది. మిగతా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పోనీ మేం ముందు నడుస్తాం, థర్మన్ వెనక," అన్నాడు ఒకాయన.

"అప్పుడు ఈయన మిమ్మల్ని తరుముతున్నట్టుంటుంది. అది ఇంకా ఘోరం. మూల తిరిగేలోపు ఈయన్ని కాల్చి పడేస్తారు."

"మధ్యలో?" అన్నాడు ఇంకొకాయన.

"పట్టుకుపోతున్నట్టుంటుంది."

వరండా బల్ల మీద టీ గ్లాసులు, ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా పెట్టి అటూ ఇటూ జరిపారు. మిరియాల డబ్బా నేను. ఎటు జరిపినా వెర్లీన్ తల అడ్డంగా ఊపింది. ఆఖరికి కాయ్ మిరియాల డబ్బాను చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఇందులో ఇంత ఉందని నేనెప్పుడూ అనుకోలేదమ్మా," అన్నాడు.

"మేం రోజూ అనుకుంటాం," అంది వెర్లీన్. "అది కింద పెట్టండి. ట్రక్కే మంచిది. పక్కన నేను కూర్చుంటాను."

నన్నెవరూ అడగలేదు.

జూలై 1, మంగళవారం

వెర్లీన్ షరతులు చెప్పింది. రైఫిల్‌కి బోల్టు తీసెయ్యాలి. అది లేకపోతే రైఫిల్ ఊతకర్రతో సమానం. ఆ బోల్టు తన చేతిసంచిలో ఉంటుంది. రెండోది, డిపో వీధి మూల దగ్గర కాపలాకు పక్క కౌంటీ పోలీసులు వస్తారు. వాళ్ళకు నేనెవరో తెలీదు. రాయిస్ వాళ్ళకు ముందే ఫోను చెయ్యాలి. మా ఇంట్లోంచి. తన ఎదురుగా.

రాయిస్ సాయంత్రం వచ్చాడు. ఈసారి చేపలు లేవు. వంటింట్లో నిలబడి ఫోను చేశాడు.

"ఆ, కార్బెట్ ఫైర్ స్టేషన్ నుంచి రాయిస్ హటో. శుక్రవారం ఊరేగింపు గురించి... ముందు ఎర్ర ట్రక్కొస్తుంది... పైన ఒకాయన ఉంటాడు, రైఫిల్‌తో... ఆఁ, ఏటా ఉండేదే... కాదు, ఈసారి కొంచెం... అంటే ఆయన..."

"చెప్పు రాయిస్," అంది వెర్లీన్. "ఆ మాటకు నోరు తిరగట్లేదా?"

"నల్లాయన," అన్నాడు రాయిస్ ఫోన్లో.

అటునుంచి ఏదో అడిగారు. రాయిస్ విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మొదట చెవులు, తర్వాత మెడ.

"లేదు," అన్నాడు. "గెలిచాడు."

మళ్ళీ విన్నాడు. "అది నాదే పూచీ. చెప్పాగా, నాదే."

ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చున్నాడు. వెర్లీన్ నీళ్ళిచ్చింది. గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"ఇన్నేళ్ళలో విజేత గురించి ఎవరికీ ఫోను చెయ్యలేదు నేను," అన్నాడు. "ఆ లామార్ గాడికి కూడా."

వాళ్ళేం అడిగారని నేను అడగలేదు. విలేకరిని, అడగాల్సింది. అడగలేదు.

"ట్రక్కు నేను నడుపుతాను," అన్నాడు రాయిస్ లేస్తూ. "కుర్రాళ్ళు వద్దు. మెల్లగా నడుపుతాను. డిపో వీధి మూల దగ్గర దిగి, నీ పక్కన నడుస్తాను."

"అప్పుడు ట్రక్కు ఎవరు నడుపుతారు?" అంది వెర్లీన్.

రాయిస్ ఆలోచించాడు. "ఆపుతాను," అన్నాడు. "ఊరేగింపు ఆగితే ఆగనీ."

అతను వెళ్ళాక వెర్లీన్ గ్లాసు కడుగుతూ అంది. "మంచివాడే. ఆలస్యంగా."

జూలై 2, బుధవారం

డెల్ అడిగాడు, ఊరేగింపు ఫొటోలో రైఫిల్ ఎంతవరకు కనపడాలని. మొత్తం, అన్నాను.

జూలై 3, గురువారం

తెల్ల చొక్కా ఇస్త్రీ అయింది. బూట్లకు పాలిష్ పెట్టాను. రైఫిల్ పిడికి కూడా నూనె రాశాను, దుమ్ము పట్టకుండా. నాకు రైఫిల్ అక్కర్లేదు. వాల్‌నట్ కర్రకు నూనె రాస్తే రంగు తేలుతుంది.

బోల్టు వెర్లీన్ సంచిలో ఉంది, రుమాలుకు, దగ్గు బిళ్ళలకు మధ్య. ఆమె ఆకుపచ్చ గౌను వేసుకుంటుందట. మిఠాయిల బుట్ట ఆమె పట్టుకుంటుంది. నా రెండు చేతులూ రైఫిల్ మీదే, అందరికీ కనపడేలా ఉండాలంది. పిల్లలకు విసరడానికి చెయ్యెత్తితే డిపో వీధి దగ్గర ఎవరికైనా వేరేలా కనపడవచ్చు. ఇన్నేళ్ళ విజేతల్లో మిఠాయి విసరనివాణ్ణి నేనొక్కణ్ణే అవుతాను. పాప కూడా విసిరింది, వాళ్ళ నాన్న చెయ్యి పట్టి విసిరించాడు.

చర్చివాళ్ళంతా డిపో వీధి మూలకే వచ్చి నిలబడతారట. మడత కుర్చీలు తెచ్చుకుంటున్నారు. కానుకల పళ్ళెం పెద్దాయన ఫోను చేసి, "నాది ఇంట్లోనే పెట్టి వస్తున్నాలే," అన్నాడు. చాలా పెద్ద త్యాగం చేసినట్టు.

శనివారం పేపరు పనంతా రేపు మధ్యాహ్నంలోపు అయిపోవాలి. అందుకని ఏటా చేసినట్టే వార్త ముందే రాసిపెట్టాను. పాత వార్తే, పేరొక్కటే మార్చాను. "విజేత థర్మన్ గెయిన్స్ రైఫిల్ భుజాన పెట్టుకుని ఎర్ర ట్రక్కు మీద మెయిన్ వీధి మొదలు నుంచి చివరిదాకా ఊరేగి, క్షేమంగా ఫైర్ స్టేషన్ చేరుకున్నారు."

"క్షేమంగా" అని ఇంతకుముందు ఎప్పుడూ రాయలేదు. ఎలా వచ్చిందో తెలీదు.

వెర్లీన్ నా భుజం మీదుగా చదివింది.

"చేరాక రాయి," అంది.

ఆ వాక్యం కొట్టేశాను. మిగతాది అలాగే ఉంచాను. మిల్లు ఆవరణలో తొమ్మిదిన్నరకు చేరాలి. ఊరేగింపు పది గంటలకు బయలుదేరుతుంది. డిపో వీధి మూలకు పదీ ఇరవైకి.